పరలోకం గురించిన ఇంగ్లీషు పాటలు, వాటి అర్థాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చనిపోయాక ఏమవుతాం అన్న ప్రశ్న చుట్టూ తిరిగే ఇంగ్లీషు పాటలు చాలానే ఉన్నాయి. వాటి ట్యూన్లు రెండుసార్లు వింటే నోటికొచ్చేస్తాయి. మాటల దగ్గరికొచ్చేసరికే అనుమానాలు మొదలవుతాయి. తరచూ ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. పాటల సాహిత్యాన్ని యథాతథంగా ఇవ్వలేదు, భావం మాత్రమే చెప్పాను.

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక చిన్న కిటుకు. ఏ పాటైనా సరే, అందులో మాట్లాడుతున్నది ఎవరో, ఎవరితో మాట్లాడుతున్నారో ముందు చూసుకోండి. పోయినవాళ్లా, పోతున్నవాళ్లా, మిగిలిపోయినవాళ్లా? అది తేలిపోతే సగం చిక్కు విడిపోయినట్టే.

'టియర్స్ ఇన్ హెవెన్' నిజంగా జరిగిన సంఘటన మీద రాసిందేనా?

అవును. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ కొడుకు కానర్ 1991 మార్చి 20న న్యూయార్క్‌లో ఒక భవనం 53వ అంతస్తు కిటికీలోంచి పడి చనిపోయాడు. అప్పటికి పిల్లవాడికి నాలుగేళ్లు. క్లాప్టన్ మొదటి చరణం రాసి, మిగతాది పూర్తి చెయ్యమని గేయరచయిత విల్ జెన్నింగ్స్‌ని అడిగాడు. ఇంత సొంత బాధను మీరే రాసుకోవాలని జెన్నింగ్స్ ముందు వెనకాడినా, చివరికి ఇద్దరూ కలిసి పూర్తి చేశారు. 'రష్' అనే సినిమా కోసం రికార్డు చేశారు. 1993 గ్రామీల్లో ఏడాది ఉత్తమ పాట, ఉత్తమ రికార్డు, ఉత్తమ పురుష పాప్ గాయకుడు అవార్డులు మూడూ దీనికే వచ్చాయి.

దీన్ని చాలామంది ఓదార్పు పాటగా వింటారు. నాకు మాత్రం ఇది మొదటి నుంచీ అనుమానంతో నడిచే పాటగానే వినిపిస్తుంది. స్వర్గంలో నువ్వు కనిపిస్తే నా పేరు నీకు గుర్తుంటుందా, మన మధ్య అంతా ఇదివరకటిలాగే ఉంటుందా అని తండ్రి అడుగుతాడు. తప్పకుండా ఉంటుంది అని పాటలో ఎవరూ చెప్పరు. రెండో చరణం ఇంకా జాగ్రత్తగా వినండి. నా చెయ్యి పట్టుకుంటావా, నన్ను నిలబెడతావా అని అడుగుతున్నది కొడుకు కాదు, తండ్రి. నాలుగేళ్ల పిల్లాడికి నడక నేర్పి, పడిపోతే లేపాల్సిన మనిషి తనను లేపమని ఆ పిల్లాణ్ణే బతిమాలుతున్నాడు. నా లెక్కన పాట బరువంతా అక్కడే ఉంది.

అందులో 'నేను స్వర్గానికి చెందినవాణ్ణి కాదు' అంటాడు. తాను పాపినని ఒప్పుకుంటున్నాడా?

అలా చదివేవాళ్లు ఉన్నారు. నాకు సబబుగా తోచే అర్థం మాత్రం వేరు. అతను ఇంకా బతికే ఉన్నాడు, తన వంతు రాలేదు. ధైర్యం చిక్కబట్టుకుని బతకాలి అన్న మాట, ఇది నా చోటు కాదు అన్న మాట పక్కపక్కనే వస్తాయి. పోయినవాడి దగ్గరికి ఊహలో వెళ్లి, అక్కడ ఉండిపోకుండా వెనక్కి రావడమే ఆ చరణంలో జరిగే పని.

2004లో క్లాప్టన్ ఈ పాటను కచేరీల్లో పాడటం ఆపేశాడు. రాసినప్పటి బాధ ఇప్పుడు తనలో లేదన్నది కారణం. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పాడాడు.

'నాకిన్ ఆన్ హెవెన్స్ డోర్'లో తలుపు తడుతున్నది ఎవరు?

ఒక షెరీఫ్. అంటే పోలీసు అధికారి. బాబ్ డిలన్ ఈ పాటను 1973లో 'ప్యాట్ గారెట్ అండ్ బిల్లీ ద కిడ్' అనే కౌబాయ్ సినిమా కోసం రాశాడు. సన్నివేశం తెలియకుండా వింటే ఇది ఏదో తాత్త్విక గీతంలా అనిపిస్తుంది. తెలిసి వింటే ప్రతి మాటా చేతికి తగిలేంత దగ్గరగా ఉంటుంది. కాల్పుల్లో గాయపడిన ముసలి షెరీఫ్ పొట్ట పట్టుకుని నది ఒడ్డు వైపు నడుస్తాడు. భార్య వెనకాలే వచ్చి, కాస్త దూరంలోనే ఆగిపోయి ఏడుస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. మాటల్లేవు, పాటే వినిపిస్తుంది.

ఇప్పుడు సాహిత్యం చూడండి. ఈ బ్యాడ్జి తీసెయ్యి, ఇక నాకు పనికిరాదు. చీకటి పడుతోంది, ఏమీ కనపడటం లేదు. తుపాకులు నేలలో పెట్టెయ్యి, ఇక వాటిని పేల్చలేను. ఉద్యోగం, చూపు, ఆయుధం ఒక్కొక్కటే చేజారుతున్నాయి. రెండే రెండు చిన్న చరణాలు. తలుపు అవతల ఏముందో ఒక్క మాట కూడా లేదు, అది తెరుచుకుందో లేదో కూడా చెప్పలేదు. ఇందులో స్వర్గాన్ని వెతికేవాళ్లకు దొరికేది గుమ్మం మాత్రమే.

దీనికి ఇంకో చరణం ఉందంటారు, నిజమేనా?

నిజమే, కానీ అది డిలన్ రాసింది కాదు. 1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ ఊరి బడిలో ఒక దుండగుడు 16 మంది పిల్లల్ని, ఒక టీచర్ని కాల్చి చంపాడు. అదే ఏడాది చివర్లో టెడ్ క్రిస్టఫర్ అనే స్థానిక గాయకుడు డిలన్ అనుమతితో కొత్త చరణం చేర్చి, ఆ ఊరి పిల్లలతో కలిసి రికార్డు చేశాడు. బ్రిటన్‌లో అది నంబర్ వన్ అయింది. తుపాకులు నేలలో పెట్టెయ్యి అన్న మాటను చావబోయే షెరీఫ్ అనడం వేరు, ఆ ఊరి పిల్లలు పాడటం వేరు.

'స్టెయిర్‌వే టు హెవెన్' స్వర్గం గురించేనా?

పేరులో తప్ప పెద్దగా లేదు. లెడ్ జెప్లిన్ 1971 ఆల్బమ్‌లోని ఈ ఎనిమిది నిమిషాల పాట, డబ్బుతో స్వర్గానికి మెట్లు కొనుక్కోవచ్చని నమ్మే ఒక మహిళ గురించి మొదలవుతుంది. తిరిగి ఏమీ ఇవ్వకుండా కావలసినవన్నీ పొందే మనిషి మీద విసురు అది. ఆ తర్వాత సాహిత్యం వాగులు, పక్షులు, వేణువు ఊదేవాడు, రెండు దారులు అంటూ తిరుగుతుంది. మాటలు రాసిన రాబర్ట్ ప్లాంట్ కూడా దీనికి ఒకే అర్థం ఉందని పట్టుబట్టలేదు. ప్రతి పంక్తికీ ఒక్కో రహస్యార్థం చెప్పే వ్యాఖ్యానాలు కుప్పలుగా దొరుకుతాయి. వాటికి సమయం కేటాయించొద్దని నా సలహా.

తిరగేసి వింటే సైతాను సందేశాలు వినిపిస్తాయన్న పుకారు 1980లలో అమెరికాలో బాగా నడిచింది. ఏ పాటనైనా తిరగేసి పెట్టి, ఏం వినాలో ముందే కాగితం మీద రాసిస్తే అదే వినిపిస్తుంది.

'హోటల్ కాలిఫోర్నియా' నరకమా?

కాదు. వెళ్లినవాళ్లు బయటపడలేరు అన్న ముగింపు వల్ల దాన్ని నరకమని, పిచ్చాసుపత్రని, సైతాను గుడి అని రకరకాలుగా చెప్పుకున్నారు. రాసినవాళ్లలో ఒకడైన డాన్ హెన్లీ చాలాసార్లు చెప్పింది ఒకటే: అమాయకత్వం నుంచి అనుభవానికి సాగే ప్రయాణం, అమెరికా జీవితంలోని అతి. 1970లలో సంగీత పరిశ్రమలో తాము చూసిన విలాసమే ఆ హోటల్. స్వర్గమో నరకమో తెలియడం లేదని పాటలోని మనిషి తనలో తాను అనుకుంటాడు, అంతవరకే.

'హైవే టు హెల్'?

ఏసీ/డీసీ బ్యాండ్ ఊరూరా తిరుగుతూ కచేరీలు చేసిన అలసట, అల్లరి కలిసిన పాట. 1979లో వచ్చింది. పాడిన బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో 33 ఏళ్లకే చనిపోవడంతో జనం లేని జోస్యాన్ని అందులో చూశారు.

యోర్దాను నది, ముత్యాల ద్వారాలు, రథం... ఈ బొమ్మలన్నీ ఎక్కడివి?

బైబిల్‌వి. ఇవి తెలియకపోతే అమెరికన్ పాటల్లో సగం అర్థం కావు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులు ఏళ్ల తరబడి అరణ్యంలో తిరిగి, చివరికి యోర్దాను నది దాటి దేవుడు మాట ఇచ్చిన కనాను దేశంలో అడుగు పెడతారు. అందుకే పాటల్లో యోర్దాను దాటడం అంటే చావును దాటి పరలోకం చేరడం. మనకు వైతరణి తెలుసు కాబట్టి నది దాటడం అన్న ఊహ కొత్తగా ఉండదు. తేడా ఏమిటంటే వైతరణి తలుచుకుంటేనే భయం, యోర్దాను అవతల మాత్రం సొంత ఇల్లు ఉంటుంది. ఏలీయా ప్రవక్త చనిపోకుండానే సుడిగాలిలో పైకి వెళ్లాడు, అప్పుడు అగ్ని రథం కనిపించిందని రాజుల రెండో గ్రంథంలో ఉంది. పాటల్లోని రథం అదే. పన్నెండు ముత్యాల ద్వారాలు, బంగారు వీధి ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలోవి. ద్వారం దగ్గర తాళంచెవులతో పేతురు నిలబడటం మాత్రం యేసు అతనికి పరలోక రాజ్యపు తాళంచెవులు ఇస్తానన్న మాట నుంచి పుట్టిన జానపద చిత్రం.

'స్వింగ్ లో, స్వీట్ చారియట్'లో రహస్య సంకేతాలు ఉన్నాయంటారు. ఎంత నిజం?

ఇది అమెరికాలో బానిసలుగా బతికిన నల్లజాతివారి ఆధ్యాత్మిక గీతం. 1870లలో ఫిస్క్ జూబిలీ సింగర్స్ బృందం దీన్ని ఊరూరా పాడి ప్రపంచానికి పరిచయం చేసింది. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి రథం దిగి వస్తోంది అన్నది భావం. ఇల్లు అంటే పరలోకమా, బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాలా అన్నదే చర్చ.

ఫలానా పాట ఫలానా రాత్రి పారిపోవడానికి సంకేతం అని ఖచ్చితంగా చెప్పే కథల్లో చాలావాటికి ఆధారాలు బలంగా లేవు. అయితే రెండు అర్థాలు ఉండేవన్న మాట మాత్రం కల్పన కాదు. తానే బానిసగా పుట్టి 1838లో తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1855లో వచ్చిన తన ఆత్మకథలో, కనాను గురించి తాము పదే పదే పాడిన పాటల్లో పరలోకం చేరాలన్న ఆశ ఒక్కటే లేదని, తమ కనాను ఉత్తరాదేనని రాశాడు. యజమాని విన్నా భక్తిపాటే, పక్కవాడు విన్నా భక్తిపాటే, కానీ పక్కవాడికి ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ఇలాంటి చోట రెండు అర్థాల్లో అసలుది ఏది అని అడిగితే, ఒకదాని మాటున రెండోదాన్ని బతికించిన తెలివిని మనం పట్టించుకోనట్టే.

'విల్ ద సర్కిల్ బీ అన్‌బ్రోకెన్'లో సర్కిల్ అంటే ఏమిటి?

కుటుంబం. పరలోకంలో మన ఇంటివాళ్లంతా ఒక్కరూ తగ్గకుండా మళ్లీ కలుస్తామా అన్నది ప్రశ్న. 1907లో ఎయిడా హేబర్‌షాన్ రాసిన క్రైస్తవ కీర్తన ఇది. 1935లో కార్టర్ ఫ్యామిలీ అనే జానపద బృందం దీన్ని పూర్తిగా మార్చి రికార్డు చేసింది. నేడు జనానికి తెలిసింది ఆ రూపమే. మబ్బు పట్టిన చలి రోజున కొడుకు కిటికీ దగ్గర నిలబడి, తల్లిని తీసుకుపోవడానికి వస్తున్న బండిని చూస్తాడు. బండి తోలేవాడితో, నువ్వు తీసుకెళ్తున్నది మా అమ్మని, నెమ్మదిగా పోనివ్వు అంటాడు. ఇంటికొచ్చాక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఏడుస్తుంటారు, ఇల్లు బోసిగా ఉంటుంది. 1907 కీర్తన పరలోకం గురించి అడిగితే, 1935 పాట ఆ ఖాళీ ఇంటి నుంచి అదే ప్రశ్న అడిగింది. రెండోదే నిలబడిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

అంత్యక్రియల్లో 'వెన్ ద సెయింట్స్ గో మార్చింగ్ ఇన్' లాంటి హుషారు పాట ఎందుకు?

అది న్యూ ఆర్లీన్స్ నగర సంప్రదాయం. శ్మశానానికి వెళ్లేటప్పుడు బ్యాండు నెమ్మదిగా శోకగీతాలు వాయిస్తుంది. సమాధి అయ్యాక తిరుగు దారిలో ఒక్కసారిగా వేగం పెంచుతుంది, జనం గొడుగులు, రుమాళ్లు ఊపుతూ వెనకాల నాట్యం చేస్తారు. ఇంత హుషారు పాటలోనూ సూర్యుడు వెలగడం మానేస్తాడు, చంద్రుడు నెత్తురు రంగుకు మారతాడు అనే ప్రళయ వర్ణనలు ఉన్నాయి. ఆ రోజున పరలోకం చేరే పవిత్రుల వరసలో నాకూ చోటు కావాలి అన్నదే పల్లవి.

'డోంట్ ఫియర్ ద రీపర్' ఆత్మహత్యను సమర్థిస్తుందా?

రాసిన బక్ ధర్మ లేదని గట్టిగానే చెప్పాడు. బ్లూ ఓయిస్టర్ కల్ట్ బ్యాండు 1976లో విడుదల చేసిన పాట ఇది. రీపర్ అంటే మనిషి రూపంలో వచ్చి ప్రాణం తీసుకుపోయే మృత్యువు. తన గుండెకు జబ్బు ఉందని తెలిసి, తొందరగా పోతే ప్రేమించినవాళ్లను మళ్లీ కలుస్తానా అన్న ఆలోచనలోంచి వచ్చిందన్నాడు. రోమియో జూలియట్ల ప్రస్తావన ఉండటంతో అందరూ దాన్ని జంట ఆత్మహత్యగా తీసుకున్నారు. రచయిత ఉద్దేశం వాళ్లు చావు అవతల కలిసి ఉన్నారన్న ఊహ మాత్రమే. అయినా నా అభిప్రాయం చెప్పాలంటే, వినేవాళ్లదే పూర్తి తప్పు అనలేం. భయపడకు, నా చెయ్యి పట్టుకో, రా అని పిలిచే పాట అది. చివరి చరణంలో తలుపు తెరుచుకుంటుంది, కొవ్వొత్తి ఆరిపోతుంది, పాటలోని అమ్మాయి వచ్చినవాడితో వెళ్లిపోతుంది.

పోయినవాళ్ల దగ్గరికి నేనూ వెళ్లిపోవాలి అన్న ఆలోచన పాట అయిపోయాక కూడా వదలకపోతే, ఆ టెన్షన్‌ని లోపలే పెట్టుకోకండి. ఆ రోజే దగ్గరివాళ్లతోనో డాక్టరుతోనో మాట్లాడండి.

'స్పిరిట్ ఇన్ ద స్కై' రాసింది క్రైస్తవుడు కాదట?

కాదు, నార్మన్ గ్రీన్‌బామ్ యూదు కుటుంబంలో పుట్టినవాడు. టీవీలో పోర్టర్ వాగనర్ అనే కంట్రీ గాయకుడు భక్తిపాట పాడటం చూసి, ఇలాంటిది నేనూ రాయగలను అనుకుని రాసేశాడు. 1969లో వచ్చింది. తానెప్పుడూ పాపం చెయ్యలేదని పాటలో ధీమాగా అనడం చూసి కొందరు క్రైస్తవులు తప్పు పట్టారు. పాపం చెయ్యని మనిషే లేడన్నది వాళ్ల మూల విశ్వాసం కదా. ఇందులో అనుమానం, ఏడుపు, వెనక్కి చూడటం ఏవీ లేవు. చచ్చిపోయాక మంచి చోటికే వెళ్తాను, అంతే. బ్రిటన్‌లో మూడు వేర్వేరు గొంతుల్లో, 1970, 1986, 2003లలో నంబర్ వన్ అయింది.

పునర్జన్మ మీద పాటలు లేవా?

ఉన్నాయి, కాస్త తక్కువ. అన్నిట్లో నాకు ఇష్టమైనది 'హైవేమన్'. జిమ్మీ వెబ్ రాశాడు. 1985లో విల్లీ నెల్సన్, క్రిస్ క్రిస్టాఫర్సన్, వేలన్ జెన్నింగ్స్, జానీ క్యాష్ నలుగురూ తలో చరణం పాడి దీన్ని హిట్ చేశారు. ఒకే ఆత్మ నాలుగు జన్మలు చెప్పుకుంటుంది. మొదట దారిదోపిడీ దొంగ, ఉరితీస్తారు. తర్వాత నావికుడు, తుఫానులో తెరచాప కొయ్య విరిగి పోతాడు. మూడోవాడు కొలరాడో నది మీద ఆనకట్ట కట్టే కూలీ, కాలు జారి తడి కాంక్రీటులో పడి సమాధి అవుతాడు. నాలుగోది ఇంకా రాని జన్మ, అంతరిక్ష నౌక కెప్టెన్.

మన పునర్జన్మ ఊహకీ దీనికీ ఒక పెద్ద తేడా గమనించండి. ఇక్కడ కర్మ లెక్క లేదు. దొంగ చేసిన పాపానికి నావికుడు శిక్ష అనుభవించడు, కూలీ కష్టానికి ప్రతిఫలంగా కెప్టెన్ అవ్వడు. మోక్షం కావాలని కూడా ఎవరూ అడగరు. మళ్లీ మళ్లీ రావడమే అతనికి సంతోషం.

జార్జ్ హారిసన్ 1970లో పాడిన 'ఆర్ట్ ఆఫ్ డైయింగ్' దీనికి పూర్తిగా ఎదురు. హిందూ తత్వాన్ని నమ్మిన హారిసన్‌కు మళ్లీ మళ్లీ పుట్టడం తప్పించుకోవాల్సిన చక్రం. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి.

చనిపోయినవాళ్లే పాడుతున్నట్టు ఉండే పాటలు?

'లాంగ్ బ్లాక్ వెయిల్' (1959) అలాంటిది. చెయ్యని హత్యకు ఉరితీయబడ్డ మనిషి సమాధిలోంచి చెప్పే కథ. హత్య జరిగిన వేళ అతను స్నేహితుడి భార్యతో ఉన్నాడు. అది చెప్తే బతికేవాడు, చెప్పలేదు. ఇప్పుడు ఆమె నల్ల ముసుగు వేసుకుని సమాధి దగ్గరికి వస్తుంటే చూస్తూ ఉంటాడు. స్వర్గం, నరకం రెండూ లేవు, రహస్యం తెలిసిన ఇద్దరు మాత్రమే ఉన్నారు.

'డానీ బాయ్'లో మాట్లాడే మనిషి ఇంకా బతికే ఉన్నా, నువ్వు తిరిగొచ్చేసరికి నేను పోయి ఉంటే నా సమాధి దగ్గర మోకరించి ప్రార్థించు, నీ అడుగుల చప్పుడు నాకు వినిపిస్తుంది అంటుంది. ఐర్లండ్ పాటగా పేరుపడిన దీని సాహిత్యం రాసింది ఫ్రెడరిక్ వెదర్లీ అనే ఇంగ్లండ్ లాయరు. జపాన్‌లో 2007లో పెద్ద హిట్టయిన 'సెన్ నో కజే ని నత్తే' దీన్ని తిరగేస్తుంది: నా సమాధి దగ్గర ఏడవకు, నేను అక్కడ లేను, గాలినై తిరుగుతున్నాను.

స్వర్గం లేదనే పాటలు కూడా ఈ లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. జాన్ లెనన్ 'ఇమాజిన్' (1971) మొదటి మాటే స్వర్గం లేదని ఊహించుకోమంటుంది. టాకింగ్ హెడ్స్ వాళ్ల 'హెవెన్' (1979) స్వర్గం ఉందంటుంది కానీ అక్కడ ఎప్పుడూ ఏమీ జరగదంటుంది. ఇష్టమైన పాట రాత్రంతా వాయిస్తూనే ఉంటారట. అది సుఖమో విసుగో గాయకుడు తేల్చడు.

'సీ యూ అగైన్', 'మై హార్ట్ విల్ గో ఆన్' కూడా పరలోకం పాటలేనా?

పక్కింటివి అనుకోండి. మొదటిది 2013లో కారు ప్రమాదంలో పోయిన నటుడు పాల్ వాకర్‌కు నివాళిగా 2015లో వచ్చింది. మళ్లీ కలుస్తాం అంటుంది కానీ ఎక్కడో చెప్పదు, బహుశా అందుకే అన్ని మతాలవాళ్లూ వాడుకోగలుగుతున్నారు. రెండోదానిలో పోయినవాడు వేరే లోకంలో కాక పాడే ఆమె గుండెలో ఉంటాడు. దీని సాహిత్యం కూడా 'టియర్స్ ఇన్ హెవెన్'లో చెయ్యి వేసిన విల్ జెన్నింగ్స్‌దే.

సంస్మరణ సభలో వెయ్యడానికి పాట ఎలా ఎంచుకోవాలి?

పేరు చూసి ఎంచుకోకండి. పేరులో హెవెన్ ఉన్న పాటల్లో చాలావాటికి చావుతో సంబంధం లేదు. బ్రయన్ ఆడమ్స్ 'హెవెన్' అచ్చంగా ప్రేమపాట. 'స్టెయిర్‌వే టు హెవెన్' వేస్తే పోయిన మనిషిని డబ్బుతో స్వర్గం కొనబోయినవాళ్లతో పోల్చినట్టు అవుతుంది. సాహిత్యం మొత్తం ఒకసారి చదివి, ఎవరు ఎవరితో అంటున్నారో చూసి, ఆ మాటలు మీ ఇంటివాళ్ల నోట సరిపోతాయా అని ఆలోచించండి. పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు 'టియర్స్ ఇన్ హెవెన్' వాళ్లను అడగకుండా వెయ్యొద్దు. గట్టి విశ్వాసం ఉన్న క్రైస్తవ కుటుంబమైతే మెర్సీమీ బృందం పాడిన 'ఐ కెన్ ఓన్లీ ఇమాజిన్' బాగా కుదురుతుంది. దేవుడి ఎదుట నిలబడ్డప్పుడు నాట్యం చేస్తానా, నోట మాట రాక ఉండిపోతానా అని అది తన గురించే అడుగుతుంది. గాయకుడు బార్ట్ మిల్లర్డ్ తన తండ్రి చావు తర్వాత రాసుకున్నది.

నవ్వించేదే కావాలంటే దానికీ దారి ఉంది. మాంటీ పైథాన్ బృందం 1979 సినిమాలో శిలువల మీద వేలాడుతున్నవాళ్లు ఈలవేస్తూ పాడే 'ఆల్వేస్ లుక్ ఆన్ ద బ్రైట్ సైడ్ ఆఫ్ లైఫ్', బ్రిటన్‌లో అంత్యక్రియల పాటల్లో మొదటి స్థానానికి చేరిన సందర్భం ఉంది. శూన్యంలోంచి వచ్చాం, శూన్యంలోకే పోతాం, పోగొట్టుకున్నదేముంది అంటుంది అది. పోయిన మనిషి బతికుండగా ఇలాంటి జోకులు వేసే రకమైతేనే వెయ్యండి, పెద్దవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.